పని ఎంతసేపు పడుతోందో చూడండి: బ్రెయిన్ ఫాగ్ గుర్తులపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

"ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది" అని చాలామంది అంటుంటారు. ఏం మరిచిపోయారని కాస్త నిదానంగా అడిగితే వచ్చే జవాబులు వేరేగా ఉంటాయి. ఒక పేరా నాలుగుసార్లు చదివినా ఎక్కలేదంటారు. ఫోన్ చేతిలోకి తీసుకుని, ఎందుకు తీశానో తెలియలేదంటారు. రోజూ అరగంటలో ముగించే లెక్కలకు గంటన్నర పట్టిందంటారు. ఇక్కడ పాత జ్ఞాపకం పోయింది ఎక్కడా లేదు. దృష్టి నిలవలేదు, ఆలోచన నెమ్మదించింది. బ్రెయిన్ ఫాగ్, అంటే బుర్రకు పట్టే మసక, అని మనం అనేది ఎక్కువగా ఇదే. అందుకని ఈ పూట నేను కోరేది ఒకటే: ఏమేం మరిచిపోయామని లెక్కపెట్టడం ఆపి, మామూలు పని ఎంత సమయం తీసుకుంటోందో, ఎంత శ్రమ అడుగుతోందో గమనించండి. మసక ముందుగా బయటపడేది అక్కడే.

ఇది జబ్బు పేరు కాదు. జ్వరం వస్తే ఎందుకొచ్చిందని వెతుకుతాం కదా, దీన్నీ అలాగే చూడాలి. ఏ రక్తపరీక్షలోనూ, ఏ స్కానింగ్‌లోనూ బ్రెయిన్ ఫాగ్ అని తేలదు. కానీ దాని వెనక ఉన్న కారణాలు చాలాసార్లు పరీక్షల్లో దొరుకుతాయి. వాటిలో కొన్ని తేలిగ్గా సరిదిద్దగలిగినవి కూడా.

మెదడులో ఏం తడబడుతోందో రెండు మాటల్లో చెప్తాను. ఒక సంగతి గుర్తుండాలంటే ముందు దాని మీద దృష్టి పడాలి. తాళంచెవి పెట్టేటప్పుడు మనసు రేపటి మీటింగ్ మీద ఉంటే, పెట్టిన చోటు అసలు నమోదే కాదు. నమోదు కానిది తర్వాత ఎంత వెతికినా దొరకదు. ఆ తర్వాతది వర్కింగ్ మెమరీ. పని నడుస్తున్నంతసేపు కావలసిన ముక్కల్ని పట్టి ఉంచేది అదే. అందులో ఒకేసారి నిలిచేవి దాదాపు నాలుగు అంశాలేనని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవాన్ 2001లో వాదించారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే అంత ఇరుకు. నొప్పో, దిగులో, నిద్రలేమో అందులో కొంత ఆక్రమించుకుంటే పనికి మిగిలేది ఎంతో మీరే ఊహించండి.

ఇప్పుడు గుర్తుల దగ్గరికి వద్దాం. చదవడంతో మొదలుపెడతాను, ఎందుకంటే చాలామందిలో ముందుగా దెబ్బతినేది అదే. కళ్ళు వరస వెంట సాగిపోతుంటాయి, పేజీ చివరికి వచ్చేసరికి పైన ఏముందో చెప్పలేరు. ఎప్పుడో ఒకసారి అందరికీ జరిగేదే. రెండోసారి శ్రద్ధగా చదివితే అర్థమైతే అది పరధ్యానం. మూడోసారి కూడా వాక్యం మొదలు, చివర కలవకపోతే, ముఖ్యంగా మీకు బాగా తెలిసిన విషయంలోనే అలా జరిగితే, అది గుర్తు పెట్టుకోవలసిన సంగతి. తెలియకుండానే మనుషులు దీనికి సర్దుకుపోతారు. పుస్తకం మానేసి వీడియోలకు మారతారు, పెద్ద మెయిల్ వస్తే "తర్వాత చూద్దాం" అని పక్కన పెడతారు. అలా పక్కన పెట్టినవి పేరుకుపోవడం కూడా ఒక లక్షణమే. ఇంట్లోవాళ్ళు దాన్ని బద్ధకం అనుకుంటారు.

సంభాషణలో ఇంకోలా కనిపిస్తుంది. ఎదుటి మనిషి ఒక్కడే మాట్లాడితే ఇబ్బంది ఉండదు. నలుగురు చేరి మాట మీద మాట వేస్తుంటే దారం తెగిపోతుంది. జవాబు తయారయ్యేసరికి మాట ఇంకో విషయంలోకి వెళ్ళిపోతుంది. దాంతో మౌనంగా కూర్చుంటారు, నవ్వి ఊరుకుంటారు, కొన్నాళ్ళకు నలుగురు కూడే చోటికి వెళ్ళడమే తగ్గిస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త. వినికిడి తగ్గినా అచ్చం ఇలాగే ఉంటుంది. సగం వినబడ్డ మాటల్ని పూరించుకోవడానికే మెదడు శక్తి ఖర్చయిపోయి సాయంత్రానికి తల బరువెక్కుతుంది. గోలలోనే కష్టంగా ఉండి, నిశ్శబ్దమైన గదిలో చదవడం, లెక్కలు చూసుకోవడం మామూలుగా సాగుతుంటే ముందు చెవి పరీక్ష చేయించండి.

మాటలు అందకపోవడం మూడోది. మనుషుల పేర్లు, సినిమాల పేర్లు నాలిక చివర ఆగిపోవడం వయసుతో పాటు అందరిలోనూ పెరుగుతుంది, దానికి భయపడనక్కర్లేదు. రోజూ వాడే వస్తువు పేరే రాక "అది, ఆ ఇది" అంటూ చేత్తో చూపించడం, ఒకటి అనబోయి దానికి దగ్గరి మాట ఇంకొకటి అనేయడం, వాక్యం మధ్యలో ఆగి ఎక్కడ మొదలుపెట్టామో వెతుక్కోవడం తరచుగా జరుగుతుంటే రాసిపెట్టుకోండి. సాయంత్రం పూట, అలసిన రోజున ఎక్కువై, విశ్రాంతి తీసుకున్నాక తగ్గుతుంటే అది మసక తీరు.

ఇక అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు చాలా మెట్లున్న పనుల్లో దొరుకుతుంది. వంట, బిల్లుల చెల్లింపు, ప్రయాణానికి సర్దుకోవడం, ఆఫీసులో నివేదిక తయారీ, ఇవన్నీ మెట్లున్న పనులే. ఒక మెట్టు నడుస్తుండగా తర్వాతి రెండు మెట్లు మనసులో సిద్ధంగా ఉండాలి. మసక ఉన్నప్పుడు చేస్తున్న మెట్టు బాగానే ఉంటుంది, తర్వాతిది జారిపోతుంది. పని మధ్యలో ఒక ఫోన్ వస్తే, మాట్లాడి పెట్టేశాక మళ్ళీ అదే చోట అందుకోవడం కుదరదు, మొదటినుంచి చూసుకోవాలి. ఫైల్ జతచేయకుండా మెయిల్ పంపడం, ఒకే బిల్లు రెండుసార్లు కట్టడం, ఆరంకెల కోడ్‌ను ఒక్క చూపులో టైప్ చేయలేక రెండేసి అంకెలుగా చూసి కొట్టడం, 69ని 96గా రాయడం ఈ కోవలోవే. ఇవన్నీ ఎప్పటినుంచో మీ అలవాటైతే లెక్కలోకి రావు. మీకు అలవాటు లేని తప్పులు కొత్తగా, పదేపదే వస్తున్నాయా అన్నదే ప్రశ్న.

చిన్న నిర్ణయాలు బరువవుతాయి. ఏ చొక్కా వేసుకోవాలి, ముందు ఎవరికి ఫోన్ చేయాలి అనే దగ్గరే ఆగిపోతారు. పెద్ద దుకాణంలో వెలుతురు, చప్పుడు, వరసల నిండా వస్తువులు ఒక్కసారిగా మీద పడ్డట్టనిపించి, కొనాల్సింది కొనకుండానే బయటికి వచ్చేస్తారు. డ్రైవింగ్‌లో మలుపు దాటిపోయాక గుర్తొస్తుంది. అలాంటి రోజున దయచేసి బండి ఎవరికైనా ఇచ్చేయండి.

చివరిగా, అలసట. అరగంట బుర్ర పెట్టి పనిచేస్తే ఒళ్ళు కూడా డీలా పడిపోవడం, ఒక మీటింగ్ తర్వాత గంటసేపు ఏమీ పట్టకపోవడం. పని అవుతుంది, అయితే దానికి చెల్లించేది ఎక్కువ. బయటివాళ్ళకు పనే కనిపిస్తుంది, చెల్లించింది కనిపించదు. "బాగానే ఉన్నావు కదా" అని వాళ్ళు అనేది అందుకే.

ఇన్ని చెప్పాక ప్రతివారికీ అన్నీ తమకే ఉన్నట్టు అనిపిస్తుంది. కాబట్టి కొలత చెప్తాను. పోలిక మీకూ పక్కింటివారికీ మధ్య కాదు, ఇప్పటి మీకూ ఆరు నెలల కిందటి మీకూ మధ్య. మార్పు కొత్తదై ఉండాలి, వారంలో చాలా రోజులు కనిపించాలి, పనికో ఇంటికో అడ్డం పడుతుండాలి. మూడూ ఉంటే రెండు వారాల నోట్‌బుక్ మొదలుపెట్టండి.

దాన్ని ఎలా రాయాలో వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. రోజంతా గుర్తుంచుకుని రాత్రి ఒకేసారి రాస్తారు. మసకలో ఉన్న మనిషికి పొద్దున ఎలా ఉందో రాత్రికి గుర్తుండదు, ఆ క్షణంలో ఎలా ఉంటే రోజంతా అలాగే రాసేస్తారు. అందుకని నిద్రలేచిన గంటకు, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయే ముందు, నాలుగుసార్లు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ప్రతిసారీ తేటదనానికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయండి, పక్కన ఒక్క వాక్యం చాలు. రోజుకు ఒకసారి మాత్రం ఇవి చేర్చండి: ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేచారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఏ మందు ఎన్ని గంటలకు వేసుకున్నారు, కాఫీ, టీ, మద్యం ఎప్పుడు, భోజనం ఎప్పుడు, శారీరక శ్రమ ఎంత. నెలసరి ఉన్నవారు ఆ తేదీలు కూడా. ఇంకా, రోజూ ఎలాగూ చేసే ఒక పనిని ఎంచుకుని దానికి పట్టిన నిమిషాలు రాయండి. ఆన్‌లైన్ మెదడు ఆటల స్కోర్లు దీనికి పనికిరావు. ఆడేకొద్దీ చెయ్యి తిరిగి స్కోరు పెరుగుతుంది, మెదడు బాగుపడిందని పొరబడతారు.

రెండు వారాలయ్యాక అంకెల్ని కాదు, వేళల్ని చూడండి. కారణం వేళల్లో దాగి ఉంటుంది.

పొద్దున లేవగానే మసక ఎక్కువగా ఉండి, తలనొప్పి, నోరెండిపోవడం కూడా ఉంటే నిద్ర చెడిందని అనుమానించాలి. గురక పెడుతున్నారా, మధ్యలో ఊపిరి ఆగి ఒక్కసారిగా ఎగబీలుస్తున్నారా అని పక్కన పడుకునేవారిని అడగండి. స్లీప్ ఆప్నియాలో ఊపిరి పది సెకన్లు, అంతకుమించి ఆగుతూ, ఆగినప్పుడల్లా నిద్ర చిట్లుతుంది. మనిషికి ఎనిమిది గంటలు పడుకున్నట్టే ఉంటుంది. స్లీప్ స్టడీ చేయిస్తే తేలిపోతుంది, చికిత్స ఉంది. లావుగా ఉన్నవారికే వస్తుందనుకోకండి, సన్నగా ఉన్నవారిలోనూ చూస్తాం.

నిద్ర తక్కువైనవారి సంగతి ఇంకా చిక్కు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యవంతులైన 48 మందిని తీసుకున్నారు. వారిలో కొందరిని రెండు వారాల పాటు రాత్రికి ఆరు గంటలే, ఇంకొందరిని నాలుగు గంటలే పడుకోనిచ్చారు. వారి దృష్టి, పనితీరు రోజురోజుకూ దిగజారుతూ పోయాయి. కానీ "నిద్రగా ఉందా" అంటే మొదటి కొద్దిరోజుల తర్వాత పెద్దగా పెరగలేదనే చెప్పారు. అంటే లోటు పెరిగేకొద్దీ దాన్ని పసిగట్టే శక్తి కూడా మొద్దుబారుతుంది. "నాకు ఆరు గంటలు సరిపోతాయి" అనే మాటను నేను నోట్‌బుక్ చూశాకే నమ్ముతాను. పెద్దవారికి ఏడు గంటలు, అంతకు పైన కావాలి. సాయంత్రం కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. మద్యం త్వరగా నిద్రపుచ్చినా తెల్లవారుజామున నిద్రను ముక్కలు చేస్తుంది.

మందు వేసుకున్న కొన్ని గంటలకు మసక కమ్ముకుంటుంటే మందుల వైపు చూడండి. నా ఉద్దేశంలో ఎక్కువగా తప్పిపోయే కారణం ఇదే. జలుబు, దురద మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, హైడ్రాక్సిజిన్, నొప్పికో నిద్రకో ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, ఇవన్నీ మెదడులో అసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటాయి. దృష్టికీ జ్ఞాపకానికీ ఆ రసాయనం కావాలి. మసకతో పాటు నోరెండడం, మలబద్ధకం, దగ్గరి అక్షరాలు అలుక్కుపోవడం ఉంటే ఈ మందుల మీద అనుమానం బలపడుతుంది. రెండు మూడు ఒకేసారి వాడితే ప్రభావం కలిసి పెరుగుతుంది, వయసు పైబడినవారిలో మరీను. మూర్ఛకు, మైగ్రేన్‌కు వాడే టోపిరమేట్ కొందరిలో మాటలు అందకుండా చేస్తుంది. నరాల నొప్పికిచ్చే గాబాపెంటిన్, ప్రీగాబలిన్, ఆందోళనకిచ్చే అల్ప్రాజోలం, క్లోనజెపం కూడా బుర్రను నెమ్మదింపజేస్తాయి. కొన్ని నెలలుగా వాడుతున్న అల్ప్రాజోలం, క్లోనజెపం లాంటివి ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చు. ఇది విని ఇంటికెళ్ళి ఏ మందూ సొంతంగా ఆపకండి. చీటీ రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, తగ్గించే పద్ధతి వారు చెప్తారు.

శ్రమ చేసిన రోజు బాగానే ఉండి, మర్నాడో ఆ తర్వాతి రోజో మసక, ఒళ్ళునొప్పులు, నీరసం విరుచుకుపడుతుంటే ఆ ఆలస్యాన్ని ప్రత్యేకంగా రాయండి. 12 నుంచి 48 గంటల తర్వాత రావడం దీని లక్షణం. వైరల్ జ్వరాల తర్వాత, లాంగ్ కోవిడ్‌లో, ఎంఈ-సీఎఫ్‌ఎస్ అనే దీర్ఘకాల అలసట జబ్బులో ఇది కనిపిస్తుంది. ఇలాంటివారిని "కాస్త వ్యాయామం పెంచు, అదే పోతుంది" అని తరిమితే ఇంకా కూలబడతారు. కుదుటపడిన రోజున కూడా చేయగలిగినదంతా చేసేయకుండా కొంత మిగుల్చుకోవడమే వీరికి మందు.

నిలబడినప్పుడే మసకగా, గుండె దడగా ఉండి, పడుకుంటే తేలికపడుతుంటే ఒక చిన్న పరీక్ష ఇంట్లో చేయవచ్చు, పక్కన మనిషి ఉండాలి. పది నిమిషాలు పడుకుని నాడి లెక్కపెట్టండి. తర్వాత గోడకు ఆనుకుని కదలకుండా పది నిమిషాలు నిలబడి, నిమిషానికోసారి నాడి రాయండి. పడుకున్నప్పటి కంటే నిమిషానికి 30 లేదా అంతకుమించి పెరిగి అలాగే ఉంటే, 12 నుంచి 19 ఏళ్ళవారిలో అయితే 40, పాట్స్ అనే స్థితి ఉందేమో డాక్టర్ చూడాలి. వీలైతే బీపీ కూడా చూడండి, నిలబడగానే పై అంకె 20 పడిపోతే కారణం వేరు. కళ్ళు తిరిగితే వెంటనే కూర్చోండి.

వేళతో సంబంధం లేకుండా రోజంతా ఒకేలా మందకొడిగా ఉంటే రక్తపరీక్షలు. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, బీ12, హిమోగ్లోబిన్‌తో కూడిన రక్తకణాల లెక్క, ఒంట్లో ఇనుము నిల్వ తెలిపే ఫెర్రిటిన్, చక్కెర, సోడియం, కిడ్నీ, లివర్, ఇవి మొదటి వరస. బీ12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువైతే లోపమనే అంటాం, 200, 300 మధ్య ఉంటే అనుమానమే. మాంసం, గుడ్లు, పాలు ఏవీ తీసుకోనివారికి, డయాబెటిస్‌కిచ్చే మెట్‌ఫార్మిన్ గాని గ్యాస్ మాత్రలు గాని ఏళ్ళ తరబడి వాడేవారికి ఇది తగ్గుతుంది. హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా నరాలు దెబ్బతినవచ్చు, అరికాళ్ళలో తిమ్మిర్లు ఉన్నాయేమో చూడండి. బీ12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తూ నరాల నష్టం లోపల సాగుతూనే ఉంటుంది. ఇంకొకటి, జుట్టుకు, గోళ్ళకు వేసుకునే బయోటిన్ మాత్రలు టీఎస్‌హెచ్ ఫలితాన్ని తప్పుగా తగ్గించి చూపగలవు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందే ఆపండి.

మెనోపాజ్ దగ్గరపడిన ఆడవాళ్ళలో రాత్రి ఒళ్ళు వేడెక్కి చెమటలతో నిద్ర తెగడం, మాటలు వెతుక్కోవడం కలిసి వస్తాయి. మతి పోతోందని హడలిపోతారు, చాలామందిలో అది తర్వాత కుదుటపడుతుంది. డిప్రెషన్‌లో మసక చాలా మామూలు. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోతే ఆ మాట కూడా డాక్టర్‌కు చెప్పండి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళవలసినవి కూడా చెప్పాలి. మసక గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో ఒక్కసారిగా వస్తే అది ఈ లెక్కలోది కాదు. మూతి వంకర, ఒక వైపు చెయ్యి బలహీనం, మాట తడబాటు పక్షవాతం కావచ్చు. వయసు పైబడినవారు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతూ, గడియకో తీరుగా ఉంటే అది డెలీరియం కావచ్చు, దానికి కారణం ఇన్ఫెక్షన్ నుంచి సోడియం తగ్గడం దాకా ఏదైనా కావచ్చు. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు మత్తు, తలనొప్పి పెరిగితే, రక్తం పలుచనయ్యే మందులు వాడేవారైతే మరీ తొందరగా స్కాన్ కావాలి. డయాబెటిస్ మందు వాడేవారికి చెమట, వణుకుతో పాటు అయోమయం వస్తే చక్కెర చూడండి, 70 కంటే తక్కువైతే ముందు చక్కెర ఇవ్వాలి, మింగగలిగితేనే. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, మసక వచ్చి, బయటికి వెళితే తగ్గుతుంటే కార్బన్ మోనాక్సైడ్ అనుకుని అందరూ వెంటనే బయటికి రండి.

ప్రశ్నలు రాసి పంపారు, రెండు తీసుకుంటాను.

"ఇది అల్జీమర్స్‌కు మొదలా?" అని ఒకరు అడిగారు. భయం ఎక్కడుందో నాకు తెలుసు, సూటిగా చెప్తాను. మసక ఉన్నవారు సాధారణంగా తామే వస్తారు, ఏ రోజు ఏం తప్పిందో పూసగుచ్చినట్టు చెప్తారు. చిన్న సూచన ఇస్తే మరిచింది గుర్తొస్తుంది. డిమెన్షియాలో ఎక్కువగా ఇంట్లోవాళ్ళు తీసుకొస్తారు. అదే ప్రశ్న పది నిమిషాల్లో మళ్ళీ అడగడం, నిన్న జరిగింది చెప్పినా గుర్తురాకపోవడం, రోజూ నడిచే దారిలో తప్పిపోవడం, డబ్బు లెక్కలు చేతకాకపోవడం, నెలల తరబడి పెరుగుతూ పోవడం అక్కడి గుర్తులు. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఈ తేడాలు దారి చూపుతాయి, తీర్పు చెప్పవు.

"మెమరీ టెస్ట్‌లో 30కి 28 వచ్చింది, డాక్టర్ ఏమీ లేదన్నారు, కానీ నా పని సాగడం లేదు" అని ఇంకొకరు. మీరు రాసింది మోకా పరీక్ష అయి ఉంటుంది. అందులో 26, ఆ పైన వస్తే మామూలని లెక్క. అది పది నిమిషాల పరీక్ష, నిశ్శబ్దమైన గదిలో, ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఒక్కో పనే అడుగుతారు. మీకు కష్టంగా ఉన్నది మూడో గంటలో, ఫోన్లు మోగుతుండగా. ఆ పరీక్ష దాన్ని కొలవదు. మార్కులు మంచివే, సంతోషం, దాంతో పాటు మీ ఇబ్బంది కూడా నిజమే. మళ్ళీ వెళ్ళినప్పుడు "మతిమరుపు" అని మొదలుపెట్టకండి. ఎప్పుడు మొదలైంది, ఏ పనికి అప్పుడు ఎంతసేపు, ఇప్పుడు ఎంతసేపు, ఏ వేళలో ఎక్కువ, ఏది చేస్తే తగ్గుతుంది, ఏ మందులు, ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి ముందే చేతికివ్వండి. అవసరమైతే న్యూరోసైకాలజిస్టు దగ్గర రెండు మూడు గంటల వివరమైన పరీక్ష చేయించమని అడగండి. దానికి సమయం తీసుకునేటప్పుడు మీకు బాగా ఉండే వేళ కాకుండా, మామూలుగా పనిచేసే వేళ అడిగి తీసుకోండి.